చక్రాల కుర్చీలో పోటీ ఆటలు



వీధిలో నడవలేని పిల్ల వుందనుకోండి. సాయంత్రం మిగతా పిల్లలు ఆడుకుంటూంటే ఆ పిల్లని గుమ్మంలో కూర్చోబెడతారు. "పాపం, చూస్తూ వుంటే దానికీ పొద్దుపోతుంది" అంటారు. దానికి చూడాలని వుందో ఆడాలని వుందో ఎవరూ అడగరు. ఇవాళ నేను చెప్పబోయేది చక్రాల కుర్చీలో కూర్చుని పోటీపడి ఆడేవాళ్ళ సంగతి.

ఈ పోటీలు పుట్టింది ఆసుపత్రిలో. రెండో ప్రపంచయుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులకోసం 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో ఒక విభాగం తెరిచారు. దాని పెద్ద డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్, నాజీల బాధ పడలేక జర్మనీ విడిచి వచ్చిన యూదుడు. అంతకు ముందు ఇలాంటి రోగులు మంచానపడి, ఒరుసుకుపోయిన పుళ్ళతోనూ మూత్రపు జబ్బులతోనూ త్వరలోనే పోయేవారు. ఈయన వాళ్ళని రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పించాడు, లేపి కూర్చోబెట్టించాడు, ఆటల్లోకి దింపాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆసుపత్రి ఆవరణలో విలువిద్య పోటీ పెట్టాడు. పాల్గొన్నది 16 మంది, అందులో ఆడవాళ్ళు ఇద్దరు. 1960లో రోమ్‌లో జరిగినవాటిని మొదటి పారాలింపిక్స్‌గా లెక్కిస్తారు.

వీటిలో నాకు బాగా నచ్చింది బాస్కెట్‌బాల్. ఆడవాళ్ళ జట్లు 1968 పారాలింపిక్స్ నించీ ఆడుతున్నాయి. కుర్చీలో వున్నారుకదా అని బుట్టని కిందికి దించరు, అదే పది అడుగుల ఎత్తు. బంతి ఒళ్ళో పెట్టుకుని చక్రాన్ని రెండుసార్లకి మించి తొయ్యకూడదు; ఈలోగా బంతిని నేలకి కొట్టాలి, లేదా ఇంకొకరికి అందించాలి. అసలు తమాషా జట్టు కూర్పులో వుంది. నడుము కూడా కదపలేని వాళ్ళకి ఒక పాయింటు, లోపం స్వల్పంగా వున్నవాళ్ళకి నాలుగున్నర. కోర్టులో వున్న అయిదుగురివీ కలిపి 14 దాటకూడదు. అంటే గట్టివాళ్ళనే అయిదుగుర్నీ దించేద్దామంటే కుదరదు. మన ఇళ్ళల్లో ఇంత ఆలోచించి పనులు పంచుతారా అనిపిస్తుంది నాకు! ఒక పాయింటు ఆవిడ బుట్టలో బంతి వెయ్యకపోవచ్చు. కానీ ఎదుటివాళ్ళ దారికి తన కుర్చీ అడ్డంపెట్టి తనవాళ్ళకి సందు చేస్తుంది.

మనదేశంలో దీపా మాలిక్ ఇద్దరు ఆడపిల్లల తల్లి. వెన్నులో గడ్డకి 1999లో ఆపరేషన్ జరిగాక ఛాతీ కిందిభాగం పనిచెయ్యలేదు. భర్త అప్పుడు సైన్యంలో ఉద్యోగి. 2016లో రియోలో, 45వ ఏట, కూర్చునే ఇనపగుండు 4.61 మీటర్లు విసిరి వెండిపతకం తెచ్చింది. పారాలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆవిడే. పిల్లలు పెద్దవాళ్ళవుతూంటే మనం మోకాళ్ళ నొప్పులు లెక్కపెట్టుకునే వయసండీ అది!

ఈసారి పారాలింపిక్స్ 2028లో లాస్ ఏంజిలిస్‌లో జరగాల్సి వున్నాయి. బాస్కెట్‌బాల్ వచ్చినప్పుడు పిల్లల్ని కూడా దగ్గర కూర్చోబెట్టుకుని చూడండి. బంతి ఎవరి చేతిలో వుందో కాసేపు మర్చిపోయి, కుర్చీ అడ్డంపెట్టే ఆవిడ ఎక్కడుందో వెతకండి. ఆటగాళ్ళు కుర్చీకి పటకాతో బిగించుకుంటారు కనక ఢీకొంటే కుర్చీతోసహా పడతారు. మీ చేతిలో కాఫీగ్లాసు వుంటే జాగ్రత్త, మనమే ఉలిక్కిపడతాం. వాళ్ళలో చాలామంది చేతులు నేలకి ఆనించి, తమంతట తామే లేచి మళ్ళీ బంతి వెంట పడతారు.

ఉంటానండీ. సెలవు.