పట్టాల మధ్య ఎడం



పట్టభద్రులైన మీ చేతికి ఈ రోజు వచ్చినవీ పట్టాలే, నేను రైల్వే ఉద్యోగమంతా కొలిచినవీ పట్టాలే. అందుకే ఒక్క కొలత గురించి చెబుతాను.

1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందర్ నుంచి ఠాణాకు 14 పెట్టెల బండి 400 మంది అతిథులతో 34 కిలోమీటర్లు నడిచింది. ఆ పట్టాల మధ్య ఎడం, అంటే గేజ్, 5 అడుగుల 6 అంగుళాలు. ఇంగ్లండులో వేర్వేరు గేజ్‌ల వల్ల కలిగిన అవస్థ తెలిసిన గవర్నర్ జనరల్ డల్హౌసీ, ఇక్కడ దేశమంతటికీ ఒకే గేజ్ ఉండాలన్నాడు. మంచి ఆలోచన. ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. కారణం ఖర్చు.

లైన్లు వేసిన బ్రిటిష్ కంపెనీలకు పెట్టుబడి మీద 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఇచ్చింది. లోటు వస్తే మన రైతు కట్టిన శిస్తులోంచి పూడ్చాలి. ఇక ఖర్చు తగ్గించుకోవాలని కంపెనీకి ఎందుకు ఉంటుంది? ఆ హామీ ఖజానాకు భారమయ్యాక, 1870లో వైస్రాయ్ మేయో హయాంలో చౌకగా వేయడానికి మీటర్ గేజ్ ఎంచుకున్నారు. మెట్రిక్ కొలతలు త్వరలోనే వస్తాయన్న నమ్మకంతో సరిగ్గా ఒక మీటరు పెట్టారు. ఆ కొలతలు మన బజార్లకు వచ్చింది 1950ల చివర్లో.

మేయో తప్పు చేశాడని తేలిగ్గా అనలేను. మీటర్ గేజ్ అనే ఈ చిన్న లైను లేకపోతే ఎన్నో ఊళ్లు రైలు మొహం చూసేవి కావు. కానీ గుంతకల్లులో నిలబడి చూస్తే ఆ పొదుపు వేరేలా కనిపించేది. నంద్యాల వైపు నుంచి చిన్న లైను, మద్రాసు–బొంబాయి పెద్ద లైను అక్కడ కలిసేవి. అర్ధరాత్రి నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని, ట్రంకుపెట్టెలతో జనం బండి మారేవారు. సరుకైతే బస్తా బస్తా ఒక వ్యాగన్ నుంచి మరో వ్యాగన్‌కు హమాలీల వీపు మీదే దాటాల్సి వచ్చేది. సికింద్రాబాదులోనూ అప్పట్లో రెండు గేజ్‌లే ఉండేవి.

ఈ రెండు గేజ్‌ల చిక్కును సరిదిద్దడానికి దేశం 1992లో ఏక గేజ్ పథకం మొదలుపెట్టింది. లైన్లు మూసి, వంతెనలు బలపరచి, ప్లాట్‌ఫారాలు మార్చి, వేల కిలోమీటర్లు మళ్లీ వేశాం.

రేపు మీరూ అంచనాలు వేస్తారు. ఖర్చు తగ్గిందని సంతకం పెట్టే ముందు, గుంతకల్లు హమాలీ మోసిన బస్తాలను కూడా ఆ అంచనాలో కలపండి.