రంగు చెప్పే లెక్క

(సంఘ వార్షిక సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



రసాయనశాస్త్రం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు కోరారు. ఇంటర్మీడియట్, డిగ్రీ పిల్లలు ప్రయోగశాలలో చేసే అంశమాపనం, అదే టైట్రేషన్, మన వంటింటి ఉప్పు డబ్బా దాకా ఎలా వస్తుందో ఈ పూట మనవి చేస్తాము.

ఒక పదార్థం ఎలక్ట్రాన్లను పోగొట్టుకోవడం ఆక్సీకరణం. ఇంకొకటి వాటిని పుచ్చుకోవడం క్షయకరణం. ఇచ్చేవాడు లేనిదే పుచ్చుకునేవాడు ఉండడు కదా! అందుచేత ఈ రెండూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సరిగ్గా ఎక్కడ పూర్తయిందో తెలిస్తే, గాఢత తెలిసిన ద్రావణం ఎంత ఖర్చయిందో చూసి, తెలియని పదార్థం ఎంత ఉన్నదో లెక్క కట్టవచ్చు. ఆ పూర్తయిన క్షణాన్ని మనకు చెప్పేది రంగు.

ఒకప్పుడు బావుల్లో వేసిన పొటాషియం పర్మాంగనేట్ పెద్దలందరికీ తెలిసినదే. దాని ఊదారంగు ద్రావణాన్ని బ్యూరెట్‌లో నింపుతాము. కుప్పెలో ఆక్జాలిక్ ఆమ్లం, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసుకుని 60-70 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడి చేస్తాము. మొదటి చుక్కల రంగు వెంటనే పోదు. అదే ముగింపు అనుకుని ఆగరాదు. చర్యలో పుట్టే మాంగనీసు అయాన్లే చర్యను త్వరపెడతాయి. తరువాత చుక్క పడీ పడగానే రంగు విరిగిపోతుంది. చివరకు ఒక్క చుక్కతో వచ్చిన లేత గులాబీరంగు అరనిమిషం నిలిస్తే అదే అంతిమ స్థానం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఏమవుతుంది? పర్మాంగనేట్ అందులోని క్లోరైడును కూడా ఆక్సీకరిస్తుంది, లెక్క తప్పుతుంది.

ఇక ఉప్పు సంగతి. అయోడిన్ చాలకపోతే గొంతువాపు వస్తుందని అందరూ విన్నదే. గర్భిణికి బాగా కొరవడితే కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. అందుకే ఉప్పులో పొటాషియం అయోడేట్ కలుపుతారు. మన దేశంలో ఉప్పు ఇంటికి చేరేసరికి, పది లక్షల భాగాల్లో కనీసం 15 భాగాల అయోడిన్ ఉండాలని నియమం. అది నాలుకకు తెలియదు. మరి ఉందో లేదో చూడడం ఎలా?

10 గ్రాముల ఉప్పును నీటిలో కరిగించి, కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం అయొడైడ్ ద్రావణం కలిపి, 10 నిమిషాలు చీకట్లో ఉంచుతారు. అయోడేట్ ఉంటే అయోడిన్ విడుదలై పసుపురంగు వస్తుంది. దానిలో 0.005 మోలార్ హైపో ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతారు. పసుపు లేతబడ్డాక స్టార్చి, అంటే మన గంజిలో ఉండేదే, కలిపితే ముదురు నీలం వస్తుంది. మళ్ళీ హైపో వదులుతూ, నీలం పూర్తిగా పోగానే ఆపాలి. ఒక్కో మి.లీ. హైపోకు 10.58 భాగాల అయోడిన్ లెక్క. అంటే 15 భాగాలకు సుమారు 1.4 మి.లీ. చాలు. ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. అనుకుంటే, అదే అర భాగం అయింది. మూడు నాలుగు చుక్కలు పొరపాటున ఎక్కువ పడితే, చాలని ఉప్పు కూడా చాలినట్టు కనబడుతుంది. చూశారా, చుక్క విలువ!

విద్యార్థులారా! మీ రికార్డు పుస్తకంలో పక్కవాడి అంకె చూసి మీ అంకె దిద్దుకోకండి. రెండు రీడింగులు కలవకపోతే మూడోసారి చేయండి. ఎంత వస్తే అంతే రాయండి. రేపు మీలో ఒకరు ఆహార పరీక్షాశాలలో కూర్చుంటారు. అక్కడ కావలసిన అంకె వేసుకుంటే మోసపోయేది ఎవరో ఇంటి బిడ్డ.

తల్లులకు ఒక మాట. ఉప్పు మీద నేరుగా గంజి పోసి నీలం రాలేదని కంగారు పడవద్దు. అందులో ఉన్నది అయోడేట్, విడి అయోడిన్ కాదు. పొట్లం మీద అయోడిన్ ఉప్పు అని ఉన్నదే కొనండి. తడి తగలకుండా, పొయ్యికి దూరంగా, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.