నలభై చీటీలు

పట్టాలు పుచ్చుకున్న పిల్లలూ, పరిచయంలో నన్ను కళాచరిత్రకారుడన్నారు గానీ, నా ఉద్యోగం మొదలైంది ఒక మ్యూజియంలో బొమ్మల కింద చీటీలు రాయడంతో. మొదటి ఏడాదే నలభై చీటీల మీద 'గిరిజన కళ, చిత్రకారుడు తెలియదు' అని రాసి పడేశాను. ఎవరినీ అడగలేదు. అడగాలని తోచనూ లేదు.

చేసిన పాపం ఏమిటో ఆస్ట్రేలియా డాలరు నోటు కథ విన్నాకే తెలిసింది. 1966లో వచ్చిన ఒక డాలరు నోటు మీద చెట్టు బెరడు మీద వేసిన బొమ్మ ఒకటి అచ్చువేశారు. గీసినవాడెవరో అనామకుడు, ఎప్పుడో పోయుంటాడనుకున్నారు. ఆయన డేవిడ్ మలంగి అనే ఆదివాసీ చిత్రకారుడు. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో నిక్షేపంగా ఉన్నాడు. ఆ బొమ్మ వాళ్ల పూర్వీకుడైన ఒక వేటగాడి అంత్యక్రియలది. వాళ్లింటి కర్మకాండ, వాళ్లకు చెప్పకుండానే, దేశమంతా జేబుల్లో తిరిగింది. సంగతి బయటపడ్డాక వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సరంజామా ఇచ్చారు. నవ్వకండి, నిజంగానే గాలం ఇచ్చారు.

అంతకు మూడేళ్ల ముందు, 1963లో, అదే ఆర్నెమ్ ల్యాండ్‌లోని యిర్కలాలో యోల్ంగు ఆదివాసులు తమ నేలను బాక్సైట్ గనికి ఇవ్వడం మీద పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. రెండు భాషల్లో టైపు కొట్టిన కాగితాన్ని బెరడుకు అంటించి, చుట్టూ తమ వంశాల బొమ్మలు వేశారు. మనలాంటివాళ్లు దాన్ని అంచు డిజైన్ అంటారు. వాళ్లకది పట్టాదారు పాసుపుస్తకం. తర్వాత కోర్టుకూ ఎక్కారు. 1971లో కోర్టు ఆ హక్కును ఒప్పుకోలేదు. గని వచ్చింది.

1988లో తెల్లవాళ్లు దిగి రెండువందల ఏళ్లయిందని దేశం పండగ చేసుకుంది. అదే ఆర్నెమ్ ల్యాండ్‌లోని రామింగినింగ్ ఊరి చిత్రకారులు ఏడాదికొకటి చొప్పున రెండువందల బోలు దుంగలకు రంగులు వేసి నిలబెట్టారు. చనిపోయినవాళ్ల ఎముకలు దాచే దుంగలవి. వేసినవాళ్లలో మలంగీ ఉన్నాడు. రాజధాని కాన్‌బెరాలో ఆ దుంగల నడుమ వాళ్ల ప్రాంతపు గ్లైడ్ నది వంపులు తిరిగినట్టు ఒక దారి వదిలారు. ఆ దారిలో నడుస్తుంటే నాకు నా చీటీలే కనబడ్డాయి.

నిన్న మీ ప్రదర్శన చూశాను. ఎవరో కుర్తా మీద ఆస్ట్రేలియా చుక్కల బొమ్మ అచ్చేశారు. రంగులు బాగా కుదిరాయి నాయనా. ఆ చుక్కలు ఎవరివి అని అడిగాను. 'ఇంటర్నెట్‌లో దొరికింది సార్' అన్నాడు. దొరికిందట! ఎవరి పెరట్లో దొరికిందిరా?

రిటైరయ్యాక పాత మ్యూజియానికి వెళ్లి చీటీలు తిరగరాయబోయాను. పదకొండు పేర్లు తేలాయి. మిగతావాళ్లలో చాలామంది నేను ఆ చీటీలు రాసేనాటికి బతికే ఉండి ఉంటారు. బస్సెక్కితే సాయంత్రానికి చేరే ఊళ్లు.