నౌకాదళమునకు అంగములెన్ని?

(తెలుగు సాంస్కృతిక సంఘ వార్షికోత్సవమున చేయబడిన ఉపన్యాసపాఠము)



ఏటేట డిసెంబరు 4వ తేదీన మన దేశమున నౌకాదళ దినోత్సవము జరుగును. ఆ సమయమున పత్రికలలో తరచుగా ఒక పట్టిక కనబడుచుండును: ఏ దేశమునకు ఎన్ని యుద్ధనౌకలు, ఎన్ని జలాంతర్గాములు అని. పాఠకుడు అంకెలను పోల్చి చూచి, ఎక్కువ గల దేశము బలవత్తరమనియు, తక్కువ గలది దుర్బలమనియు నిశ్చయించుకొనును. ధాన్యపు బస్తాలను లెక్కించుటకు ఈ పద్ధతి చాలును గాని, సైన్యమును తూచుటకు చాలదు. రథ గజ తురగ పదాతులను నాలుగింటిని చేర్చి చతురంగబలమన్న పూర్వులకు ఈ సంగతి బాగుగా తెలియును. వేయి ఏనుగులున్నను, వాని పార్శ్వములను కాచు కాలిబంట్లు లేనిచో ప్రయోజనము లేదు. సముద్రముపై నడచు సైన్యమునకును ఈ న్యాయమే వర్తించును. ఏ నౌకయు తనంత తాను సంపూర్ణము కాదు. ఒకదాని లోపమును వేరొకటి పూరించినప్పుడే పది నౌకలు కలిసి ఒక దళమగును.

నౌకాదళము దేనికొరకు అను ప్రశ్నకు సమాధానము యుద్ధము మాత్రమే కాదు. భారతదేశపు విదేశ వ్యాపారములో, పరిమాణమును బట్టి నూటికి 95 పాళ్లు, విలువను బట్టి సుమారు 70 పాళ్లు సముద్రముమీదనే సాగుచున్నది. ఇంటిలోని వంటగ్యాసు మొదలు బస్సులోని డీసెలు వరకు అందులో చాలభాగము ఓడలలో వచ్చినదే. ఓడ క్షేమముగా రేవు చేరవలెనన్న చింత తెలుగువారికి క్రొత్తది కాదు. తుపానునకు చిక్కి కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు స్వాధీనము చేసికొను కాలమున, కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునందు అభయశాసనము వేయించి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గ్రహింపనని వర్తకులకు మాట యిచ్చెను. ఆనాడు శాసనము ఇచ్చిన అభయమును నేడు సముద్రమధ్యమున నౌకాదళము ఇయ్యవలసియున్నది.

ఇక అంగములను ఒక్కొక్కటిగా పరిశీలింపవచ్చును. అందు మొదట కంటికి కనబడునది విమానవాహక నౌక. తీరమునుండి బయలుదేరిన యుద్ధవిమానము ఎంత దూరము పోయినను మరల తీరమునకే రావలెను. విమానాశ్రయమునే సముద్రములోనికి తీసికొనిపోయినచో ఆ బంధము తొలగును. బ్రిటనునుండి కొనబడిన మొదటి విక్రాంత్ 1961 మార్చిలో మన దళమున ప్రవేశించి, 1997లో విశ్రాంతి పొందెను. అదే పేరుతో కొచ్చి నౌకానిర్మాణశాలలో నిర్మింపబడిన క్రొత్త విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న దళమున చేరెను. దాని పొడవు 262 మీటర్లు. సుమారు 1,600 మంది సిబ్బందికి అందు వసతి కలదు. అది తేలుచున్న పట్టణమే. కాని పట్టణమునకు కోటగోడ వలెను. ఈ మహానౌక నీటి అడుగునుండి వచ్చు టార్పెడోను గాని, ఆకాశమునుండి వచ్చు క్షిపణులను గాని ఒంటరిగా పూర్తిగా ఎదుర్కొనజాలదు.

ఆ కోటగోడలే విధ్వంసక నౌకలు, ఫ్రిగేటులు, కార్వెట్టులు. విధ్వంసక నౌక వీనిలో పెద్దది. 2021 నవంబరులో దళమున చేరిన ‘విశాఖపట్నం’ ఈ జాతిదే. ముంబయిలోని మజగాఁవ్ డాకులో నిర్మింపబడిన ఈ నౌక పొడవు 163 మీటర్లు, బరువు సుమారు 7,400 టన్నులు. ఓడలను కొట్టుటకు బ్రహ్మోస్ క్షిపణులు, విమానములను కూల్చుటకు వేరు క్షిపణులు, జలాంతర్గాములను వెదకుటకు సోనారు, హెలికాప్టరులు దీనియందు కలవు. ఫ్రిగేటు ఇంచుక చిన్నది. దూరప్రయాణములకును, కాపలాకును మిక్కిలి ఉపయోగపడునది. కార్వెట్టు ఇంకను చిన్నది, తీరమునకు సమీపమున తిరుగునది. పెద్ద నౌక చేయు పనులన్నియు చిన్నది చేయలేదు. చిన్నది పోగల లోతులేని నీటిలోనికి పెద్దది పోలేదు.

మూడవ అంగము కంటికి కానరానిది. విశాఖపట్టణమున రామకృష్ణా బీచికి సెలవులలో పోయిన తెలుగు కుటుంబములలో కురుసుర జలాంతర్గామిని చూడనివారు అరుదు. 1969 డిసెంబరులో దళమున చేరి, 2001 ఫిబ్రవరిలో విశ్రమించిన ఆ నౌక 2002నుండి ఇసుకపై ప్రదర్శనశాలగా నిలిచియున్నది. తొంభై మీటర్లకు పైబడిన ఆ ఇనుప గొట్టములో, నడుము వంచి నడువవలసిన గుమ్మముల నడుమ, డెబ్బదిమందికి పైగా నావికులు వారముల తరబడి జీవించిరి. ఆ జాతి జలాంతర్గామికి డీసెలు యంత్రములును బ్యాటరీలును ఉండును. నీటిలో బ్యాటరీలపై నడచును. అవి తరిగిపోయినప్పుడు యంత్రములకు గాలికొరకు నీటి పైభాగమునకు రాక తప్పదు. అట్లు పైకి వచ్చు ఘడియయే దానికి గండము. అణుశక్తితో నడచు జలాంతర్గామికి ఈ గండము లేదు. 2009 జూలై 26న విశాఖపట్టణముననే జలప్రవేశము చేసిన అరిహంత్, 2024 ఆగస్టులో దళమున చేరిన అరిఘాత్ ఈ కోవలోనివి. మొదట అణ్వస్త్రమును ప్రయోగింపమని ప్రతిజ్ఞ చేసిన దేశమునకు, తొలి దెబ్బ తిన్న పిమ్మట కూడ బదులీయగల సాధనము నీటి అడుగున క్షేమముగా ఉండవలెను గదా!

ఈ మూడు అంగముల పొందిక ఎట్టిదో, అది చెడినచో ఏమగునో 1971 డిసెంబరు నెలయే చూపెను. ఆ యుద్ధమున మూడు సంఘటనలు చాలును.

మొదటిది విశాఖపట్టణపు వాకిట జరిగినది. బాయిలరు లోపముచే వేగము తగ్గిన విక్రాంత్‌ను పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వెదకుచు బంగాళాఖాతమునకు వచ్చెను. అప్పటికి విక్రాంత్ అండమాను ప్రాంతమునకు తరలింపబడియుండెను. రాజ్‌పుత్ అను పాత విధ్వంసక నౌక తానే విక్రాంత్ అన్నట్లు సంకేతములను పంపి శత్రువును భ్రమింపజేసెను. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఘాజీ తొంభైమందికి పైగా సిబ్బందితో రేవు సమీపమున మునిగిపోయెను. మునుగుటకు కారణము గూర్చి రెండు దేశముల కథనములు భిన్నములు. ఒక సంగతి మాత్రము స్పష్టము: రాజ్‌పుత్ వంటి ముదుసలి నౌక యొక్క కపటము తోడుపడినందువలననే విక్రాంత్ విమానములు తదుపరి దినములలో కాక్స్ బజారు, చిట్టగాంగు రేవులపై నిరాటంకముగా దాడి చేయగలిగెను.

రెండవది డిసెంబరు 4వ తేదీ రాత్రి జరిగిన కరాచీ దాడి. నిపాత్, నిర్ఘాత్, వీర్ అను మూడు చిన్న క్షిపణి పడవలు శత్రువుల విధ్వంసక నౌక ఖైబర్‌ను, మైన్‌స్వీపరు ముహాఫిజ్‌ను ముంచివేసి, ఒక్క ప్రాణనష్టమైనను లేక తిరిగివచ్చెను. నౌకాదళ దినోత్సవము ఆ రాత్రి జ్ఞాపకార్థమే. ఆ పడవలు సోవియట్ దేశమున తీరరక్షణకై నిర్మింపబడినవి. దూరప్రయాణము వాని ధర్మము కాదు. అవి అంతదూరము పోవుటకు కిల్తాన్, కచ్ఛాల్ అను జలాంతర్గామి నిరోధక నౌకలు తోడు నడిచెను. పోషక్ అను ఇంధన నౌక వెనుక నిలిచెను. దాడి కథలో క్షిపణి పడవల పేర్లు అందరికి తెలియును. పోషక్ పేరు తెలిసినవారు కొందరే. ఇంటిలో పండుగనాడు వడ్డించినవారి పేరు చెప్పుకొందురు గాని, నీళ్లు మోసినవారిని తలచుకొనరు గదా!

మూడవది విషాదకరము. డిసెంబరు 9వ తేదీ రాత్రి డయ్యూ సమీపమున ఫ్రిగేటు ఖుక్రీ, శత్రువుల జలాంతర్గామి హంగోర్‌ను వెదకుచుండెను. ఫ్రాన్సులో నిర్మింపబడిన హంగోర్ ఆధునికమైనది. అది ఎంత దూరమునుండి వినగలదో, అంత దూరమునుండి ఖుక్రీలోని సోనారు కనుగొనజాలదు. వేటగాడే వేటయైనాడు. టార్పెడో తగిలిన కొద్ది నిమిషములలో నౌక మునిగిపోయెను. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన ప్రాణరక్షణ కవచమును వేరొకరికిచ్చి, నౌకతో పాటు తానును మునిగిపోయెను. ఆయనకు మరణానంతరము మహావీరచక్ర లభించెను. ఆ 194 కుటుంబములకు సంభవించిన నష్టమునకు మూలము ధైర్యలోపము కాదు, సంఖ్యాలోపము కాదు. ఒక అంగము కాలమునకు వెనుకబడుట. ఈనాడు పెద్ద యుద్ధనౌకలయందు హెలికాప్టరులు ఉండుట, 2013నుండి అరక్కోణములోని విమానములు సముద్రమును గాలించుచుండుట ఆ పాఠమును నేర్చుటయే.

పోషక్ వంటి మౌనసేవకుల సంగతి మరికొంత చెప్పవలసియున్నది. నడిసముద్రమున రెండు నౌకలు సమాన వేగముతో ప్రక్కప్రక్కన సాగుచుండగా, ఒకదానినుండి మరియొకదానికి గొట్టము ద్వారా ఇంధనము ఎక్కింపబడును. ఇది లేనిచో మహానౌకలు సైతము కొన్ని దినములకే రేవు ముఖము పట్టవలెను. ఇట్టి అయిదు పెద్ద పోషక నౌకల నిర్మాణమునకు 2023లో విశాఖపట్టణపు హిందుస్థాన్ షిప్‌యార్డుకు ఆర్డరు లభించెను. 1948లో జవహర్‌లాల్ నెహ్రూ జలఉష యను ఓడకు జలప్రవేశము చేయించిన శాల అదియే. అచ్చటనే నిర్మింపబడి 2025 జూలైలో దళమున చేరిన నిస్తార్, ఆపదలో చిక్కిన జలాంతర్గామి సిబ్బందిని రక్షించుటకు ఉద్దేశింపబడినది. ఇక జలాశ్వ అను రవాణా నౌక 2020 మే నెలలో, మహమ్మారి కాలమున, మాల్దీవులనుండి 698 మందిని కొచ్చికి చేర్చెను.

ఈ మౌనసేవకులలోనే ఒక లోటు ఏర్పడినది. సముద్రమున పరచిన మందుపాతరలను తొలగించు మైన్‌స్వీపరులలో, మన తీరనగరము పేరు ధరించిన కాకినాడ 2017లో విరమించెను. చివరిదైన కోళిక్కోడ్ 2019లో విరమించెను. వాని స్థానమున వెంటనే క్రొత్తవి రాలేదు. పత్రికల పట్టికలో ఈ లోటు పెద్దగా కనబడదు. రేవు ముఖద్వారమున ఒక్క మందుపాతర దొరకిననాడు మాత్రము, లోపలనున్న పెద్ద నౌకలన్నియు ఒడ్డుననే నిలిచిపోవలసి వచ్చును.

లోటును పూరించుట దుకాణమున వస్తువు కొన్నట్లు కాదు. ఈ సభలోనివారిలో అనేకులకు ఫైలు నడక తెలియును గావున, నౌక నడకను గ్రహించుట కష్టము కాదు. ‘విశాఖపట్నం’ తరగతి నౌకలకు ఒప్పందము 2011 జనవరిలో జరుగగా, మొదటిది చేరుటకు పదేండ్లకు మించి పట్టెను. 1999లో ఆమోదింపబడిన ముప్పదియేండ్ల ప్రణాళికలో 24 జలాంతర్గాములు ఉద్దేశింపబడెను. క్రొత్త కల్వరి తరగతిలోని ఆరింటిలో మొదటిది 2017లోను, ఆరవది 2025 జనవరిలోను చేరెను. ఇంతలో పాతవి ముసలివగును. పైగా ఉన్న నౌకలన్నియు ఒకేసారి సముద్రమున ఉండవు. కొన్ని మరమ్మతులో, కొన్ని శిక్షణలో ఉండును. కావున నేడు ఒక కాగితము ఆలస్యమైనచో, దాని ఫలితము పదేండ్ల తరువాత ఏ నావికుని అనుభవమునకో వచ్చును.

విమానవాహక నౌక ముఖ్యమా, జలాంతర్గామి ముఖ్యమా అను వాదము నిపుణులలో చిరకాలముగా కలదు. మొదటిది సముద్రమును తన అధీనమున ఉంచుకొనును. రెండవది దానిని శత్రువునకు దక్కకుండ చేయును. ధనము పరిమితము గనుక వాదము సహజమే. కాని ఏ పక్షము గెలిచినను, ఇంధన నౌకను, మైన్‌స్వీపరును, సోనారును మరచిన గెలుపు గెలుపు కాదు.

నౌకాదళమున ఒక చక్కని సంప్రదాయము కలదు. పోయిన నౌక పేరును క్రొత్త నౌకకు పెట్టుదురు. మునిగిన ఖుక్రీ పేరును 1989లో దళమున చేరిన ఒక క్షిపణి కార్వెట్టు ధరించెను. ముప్పదిరెండేండ్లు సేవచేసి, 2021 డిసెంబరులో విశాఖపట్టణమున అది విశ్రాంతి పొందెను. పిమ్మట అది డయ్యూకు ప్రదర్శనశాలగా తరలింపబడినది. తొలి ఖుక్రీయు, ఆ 194 మందియు నిద్రించుచున్న జలములు ఆ తీరమునకు దూరము కావు. విశాఖలో కురుసురను చూచినవారు, అవకాశము దొరకినపుడు డయ్యూలో ఖుక్రీని కూడ దర్శింతురుగాక! పట్టికలోని అంకెల వెనుక ఏమున్నదో అచ్చట తెలియును.

జై హింద్.