మనకేల?
(ఒక పేట సభలో చేసిన ప్రసంగము)



మొన్నటి రాత్రి ధ్వనివర్ధకముల ఘోష తగ్గింపుడని వేడిన యొక వృద్ధురాలిని మన వీధి యువకులు దుర్భాషలాడిరి. పదియిండ్లవారము వింటిమి, తలుపు తెరచినవారు లేరు. నేనును తెరువనైతిని. “మనకేల?” యను మన మౌనమే వారికి బలము.

రాత్రి పది మొదలు ఉదయము ఆరువరకు బహిరంగ ధ్వనివర్ధకములను 2000 సంవత్సరపు నిబంధనలు సాధారణముగ నిషేధించుచున్నవి. చట్టము కలదు, చెప్పువారు లేరు.

ఒంటరిగ కలహింపవలదు. దినమును, వేళను, జరిగినదానిని వ్రాసి యుంచుడు. పదుగురు చేవ్రాళ్లతో ఠాణాలో అర్జీ నిచ్చి రసీదు గైకొనుడు. ఆపద యైనచో తక్షణమే 112కు తెలుపుడు. పాతపగలకై అసత్యము వ్రాయకుడు, అదియు దౌర్జన్యమే.

పొరుగువారి నిద్రను కాపాడలేని స్వాతంత్ర్యము మనకేల?