ఫణిగిరి గుట్టపైని బౌద్ధారామము

సూర్యాపేట నుండి జనగామ పోవు బాటలో ఇంచుమించు 40 కిలోమీటర్లు సాగినచో ఫణిగిరి గ్రామము వచ్చును. ఊరిని ఆనుకొనియున్న గుట్ట పడగ విప్పిన పామువలె కనబడుటచే దానికి ఆ పేరు కలిగినదని చెప్పుదురు. చిట్టడవి, బండరాళ్లు, పొదలమధ్య గాలి సవ్వడి తప్ప అక్కడ వేరు ఆర్భాటము లేదు. కాని రమారమి 2000 సంవత్సరములకు పూర్వమే భిక్షువులు ఈ గుట్టను తమ నివాసముగా నెన్నుకొనినారు.

వారు కొండనే యేల కోరినారు? భిక్షువునకు రెండు అవసరములు గలవు. ఒకటి భిక్ష, రెండవది ఏకాంతము. ఊరికి మరీ దూరమైనచో భిక్ష దొరకదు. మరీ చేరువైనచో ధ్యానము సాగదు. ఊరి ప్రక్కనున్న గుట్ట ఈ రెంటికిని సరిపడును. వానకాలమున సంచారము మాని ఒకచోట నుండవలెనను నియమమునకును ఎత్తైన నేల అనుకూలము. పైగా కృష్ణాతీరము నుండి దక్కను లోపలికి పోవు వర్తకులు ఈ ప్రాంతముల మీదుగానే నడచెడివారు.

గుట్టపైన మహాస్తూపము, ఏనుగు వీపువలె వెనుకభాగము గుండ్రముగానుండు చైత్యగృహములు, విహారముల పునాదులు, మండపముల స్తంభములు నేడును చూడవచ్చును. 1941 నుండి 1944 వరకు హైదరాబాదు సంస్థానపు పురావస్తుశాఖ పక్షమున ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ ఇచ్చట త్రవ్వకములు జరిపినారు. 2001 తరువాత రాష్ట్ర పురావస్తుశాఖ తిరిగి పని చేపట్టగా, బుద్ధుని గాథలు చెక్కిన తోరణపు దూలములు వెలువడినవి. బుద్ధుని గురుతుల ద్వారా సూచించు పాత పద్ధతియు, మానవరూపమున చూపు క్రొత్త పద్ధతియు ఈ క్షేత్రపు శిల్పములలో కానవచ్చును. 2024 మార్చిలో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు దొరకినవి.

ఇచ్చటి శాసనములలో ఒకటి మనలను ప్రత్యేకముగా ఆకర్షించును. ఇక్ష్వాకురాజైన రుద్రపురుషదత్తుని 18వ పాలనవర్షమున, రాజవైద్యులలో ముఖ్యుడొకడు ధర్మచక్రమును ప్రతిష్ఠించినాడని అది తెలుపుచున్నది. కోదాడ దాటిన పిదప బెజవాడ దారిలో వచ్చు జగ్గయ్యపేట స్తూపమునకు ఆయక స్తంభములను సమర్పించినవాడు సిద్ధార్థుడను శిల్పి. నాగార్జునకొండలో సింహళ భిక్షువులకు చైత్యగృహము కట్టించినది బోధిశ్రీ యను ఉపాసిక. ఒక వైద్యుడు, ఒక శిల్పి, ఒక గృహిణి: ఈ ఆరామములను నిలిపినవారు రాజులు మాత్రమే కారు.

ఈ మూడు చోట్లకు పట్టిన గతి ఒకటి కాదు. జగ్గయ్యపేట స్తూపమును 1882లో బర్గెస్ దొర పరిశీలించిన పిమ్మట, మాంధాత చక్రవర్తిని చూపు ప్రసిద్ధ ఫలకము మొదలగునవి మద్రాసు మ్యూజియమునకు చేరినవి. స్తూపము ఒకచోట, దాని శోభ మరియొకచోట. మిర్యాలగూడకు నైరుతి దిక్కుననున్న నాగార్జునకొండ లోయను 1954 నుండి 1960 వరకు త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను ఎత్తైన తావులకు తరలించినారు. 1967లో సాగరము నుండి కాలువలకు నీరు వదలబడినది. ఆ లోయ నీట మునిగినది. ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు పచ్చబడినవి. ఆ నీటితో పండిన అన్నము తినుచు మనము ఆనకట్టను నిందింపజాలము. ఆ అన్నమునకు చెల్లించిన వెలను మరచుటయు తగదు.

ఫణిగిరికి అట్టి అనివార్యత యేదియు లేదు. ఇచ్చటి శిల్పములు 2023లో న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ మ్యూజియములో ప్రదర్శింపబడి లోకపు మెప్పు పొందినవి. శిల్పములు దేశాంతరము పోయి రావచ్చును, గుట్ట పోజాలదు. దానిని చూడవలెనన్న మనమే పోవలెను.

కార్తీకము మొదలు మాఘము వరకు ప్రయాణమునకు అనువైన కాలము. త్రాగునీరు వెంట తీసికొని, ఎండ ముదరక ముందే గుట్ట ఎక్కుట మేలు. పునాదుల ఇటుకలపై నడువరాదు. స్తంభములపై పేర్లు గీయుట, జ్ఞాపకార్థమని చిన్న రాతిముక్కనైనను సంచిలో వేసికొనుట తగని పనులు. ఇటుక దాని స్థానమున నున్నంతవరకే చరిత్ర చెప్పును. మన బల్లపైకి వచ్చినచో అది ఉట్టి ఇటుకయే. చుట్టుపట్ల పొలములలో రైతులకు నాణెముగాని శిల్పఖండముగాని దొరకినచో, దొరకిన తావును కదపక అధికారులకు తెలుపుట అన్నిటికంటె ముఖ్యము.

పిల్లలను తప్పక తీసికొనిపొండు. వారికి రాజుల పేర్లు వల్లెవేయించుటకు మునుపు ఆ వైద్యుని సంగతి చెప్పుడు. తన సంపాదనలో కొంత ఈ గుట్టపై వెచ్చించినవాడు ఏ ఫలమును ఆశించినాడో వారినే ఆలోచింపనిండు.