స్కాన్సెన్: పల్లెబ్రదుకుల ప్రదర్శనశాల

స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోమ్‌లో ఆర్తుర్ హజేలియస్ అను పండితుడు 1891లో నెలకొల్పిన స్కాన్సెన్, ఆరుబయటి ప్రదర్శనశాలలలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో ఒకటి. 1872లో దాలర్నా సీమలో సంచరించుచు, యంత్రయుగపు తాకిడికి పల్లీయుల వేషములు, పనిముట్లు కనుమరుగగుట చూచి కలత చెందిన ఆ మహనీయుడు, మొదట వస్త్రములను, పిదప గృహోపకరణములను, తుదకు ఇండ్లకు ఇండ్లనే సేకరింపసాగెను. మోరా ప్రాంతమునుండి వచ్చిన దుంగల యిల్లు అట్టిదే. లోపల మూలనున్న పొయ్యి, గోడనంటి కట్టిన పడకలు, ఒక్క గదిలోనే సంసారమంతయు. నేడు స్కాన్సెన్‌లో సుమారు 150 కట్టడములు కలవు. నాటి దుస్తులు ధరించినవారు రొట్టె కాల్చుచు, గాజు నూదుచు సందర్శకులతో ముచ్చటింతురు. రాజుల కిరీటములకు దక్కు గౌరవమే రైతు గరిటెకును దక్కుట నాకెంతయు శ్లాఘ్యముగా దోచినది. స్టాక్‌హోమ్ వెళ్లువారు ఒక పూట దీనికై కేటాయింపవలెనని నా మనవి.